బక్క మనిషి కాలేయంలో కొవ్వు

మా ఆయన ప్యాంట్లకు నడుము దగ్గర నేను వేసిన కుట్లు చూస్తే ఆయన జబ్బు ఎప్పుడెప్పుడు ఎంత ముదిరిందో చెప్పేయవచ్చు. బట్టలు కుట్టడం నా పని. ఆయన చిక్కినప్పుడల్లా నడుము బిగించుకుంటూ వచ్చాను. చివరికి వెనక జేబులు రెండూ ఒకదానికొకటి ఆనుకునేదాకా వచ్చింది. అలాంటి మనిషికి ఖమ్మంలో కడుపు స్కానింగ్ తీసి, కాలేయంలో కొవ్వు పేరుకుందని చెప్పారు. నేను వెంటనే ఆయన మొహంలోకి చూశాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

నాకు అనుమానం ఎక్కువ. ఇది పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుణం. మాది తిరుమలాయపాలెం వైపు, మిరప పండించే ఊరు. మా అమ్మ ఏ బస్తా కొన్నా మోచేతి దాకా చెయ్యి దించి, అడుగున ఉన్నది పిడికెడు పైకి తీసి చూసేది. "పైన చూసి మురిసేటోళ్ల కోసమే అడుగున తాలు పెడ్తరు బిడ్డా" అనేది. ఆ మాట మీదే నేను ఇన్నేళ్లు కాపురం చేశాను. దానివల్ల నాకు సుఖం లేకపోయినా, నష్టం మాత్రం పెద్దగా రాలేదు.

మేముండేది బొగ్గు గని క్వార్టర్లలో. వెనక గోడ దాటితే అడవి, అడవి దాటితే భద్రాచలం రోడ్డు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ వాసన మా వంటింట్లోకి వస్తుంది. ఆ పూలతో కాచిన సారా ఏ గూడెంలో ఏ గుడిసెలో దొరుకుతుందో మా లైన్లో మగవాళ్లందరికీ తెలుసు. ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. కాబట్టి కాలేయంలో కొవ్వు అనగానే నాకు తోచింది ఒక్కటే.

డాక్టరమ్మకు కూడా అదే తోచినట్టుంది. "తాగుతారా?" అని అడిగింది.

"లేదు మేడం. రక్తం పడుడు మొదలైన కాడి నుంచి ముట్టలే" అన్నాడు మా ఆయన.

ఆమె నా వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

"నాకేం తెలుస్తది మేడం, ఆయన షిఫ్టుకు పోయినంక" అన్నాను.

డాక్టరమ్మ నవ్వి, తాగని వాళ్లకు కూడా ఇది వస్తుందని, పేగు జబ్బు ఉన్నవాళ్లలో సన్నగా ఉన్నా వస్తుందని చెప్పింది. మర్యాద కోసం అంటున్నదనుకున్నాను. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు గానీ, అసలు తాటిచెట్టు కింద ఎందుకు కూర్చోవాలి అని కూడా అడగాలి కదా. తిరిగి వచ్చేటప్పుడు ఇల్లందు దాటేదాకా బస్సులో ఆయన నాతో మాట్లాడలేదు. నేను కూడా బతిమాలలేదు.

అసలు కథ కడుపుతో మొదలైంది. విరేచనాలు, రక్తం. మా దగ్గర రక్తం పడిందంటే మొలలనే అంటారు. ఎవరో ఆకు మందు ఇప్పించారు, ఇంకెవరో కట్టు మందు అన్నారు. అందరూ తలో మాట చెప్పడంతో చాలా కాలం వృథా అయింది. ఖమ్మం తీసుకుపోయి కెమెరా పరీక్ష చేయిస్తే పెద్దపేగు నిండా పుండ్లు. క్రిమి కాదు, అంటుకునేది కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి సొంత పేగును కాలుస్తున్నదట. పూర్తిగా పోదు, అణిచిపెట్టుకోవాలి అన్నారు. ఇంటి కుక్క ఇంటివాణ్ణే కరిచినట్టు అనిపించింది. చాలా మందులు రాశారు. వాటిలో చిన్న తెల్ల గోళీ ఒకటుంది. దాన్ని చెప్పినప్పుడే తగ్గించాలి, సొంతంగా ఆపొద్దు అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

ఆ గోళీ మంత్రంలా పనిచేసింది. రక్తం ఆగింది, మనిషి లేచి తిరిగాడు. కానీ కొన్నాళ్లకు మొహం ఉబ్బింది, దాహం పట్టింది. రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. గోళీ వల్ల కొంత, జబ్బు వల్ల కొంత అన్నది డాక్టరమ్మ. కొంత, కొంత అంటే నాకు నచ్చదు. మిగతా కొంత ఎక్కడి నుంచి వచ్చిందో నేనే కనిపెట్టాలనుకున్నాను.

ఎక్కువ కాలం పట్టలేదు. చీమలు చెప్పాయి.

బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లకు ఒక అలవాటు ఉంది. షిఫ్టు దిగగానే బెల్లం ముక్క నములుతారు. గొంతులో పట్టిన దుమ్ము బెల్లంతో దిగిపోతుందని తాతల నాటి నమ్మకం. మా మామయ్య నమిలాడు, మా ఆయన నములుతాడు. షుగర్ వచ్చాక మానెయ్యమని చెప్పాను, మానేశానన్నాడు. ఒకరోజు ఉతకడానికి చొక్కా తీస్తే దండెం మీది నుంచి జేబులోకి ఎర్ర చీమలు బారు కట్టి ఉన్నాయి. జేబు తిప్పితే అడుగున బెల్లం పొడి.

"ఏందయ్యా ఇది?" అని చొక్కా మొహం ముందు పెట్టాను.

"బెల్లం."

"అది చీమలకు గూడ తెలుసు. ఎందుకు తింటున్నవ్?"

"దుమ్ము దిగాలె గదనే" అన్నాడు, నేనేదో వింత ప్రశ్న వేసినట్టు.

"దుమ్ము దిగుడు సంగతి దేవుడెరుగు, నువ్వే దిగిపోతవ్ మట్టిలకు" అన్నాను. ఆయన చీమలను మెల్లగా దులిపి చొక్కా తొడుక్కున్నాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని ఉంటే నాకు తృప్తిగా ఉండేది. ఆయన తడుముకోలేదు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

ఇక షుగర్ సంగతి నా చేతుల్లోకి తీసుకున్నాను. లైన్లో అందరూ చెప్పినట్టే జొన్నరొట్టె, కొర్రన్నం, నానబెట్టిన మెంతులు, పచ్చి ముక్కలు పెట్టాను. వారం తిరగకుండా ఆయన మళ్లీ బాత్రూమ్ దగ్గరే కాపురం పెట్టాడు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. పేగు మండుతున్నప్పుడు పొట్టు, పీచు ఉన్న తిండి పెట్టకూడదట. మెత్తటి అన్నం పెట్టాలట. మెత్తటి అన్నం పెడితే షుగర్ పెరుగుతుంది. షుగర్‌కు మంచిదని పెడితే పేగు చిరుగుతుంది. రెండు రోగాలు ఒక్క కంచం దగ్గర కూర్చుని కొట్టుకుంటుంటే వండేదాన్ని నేనేం చెయ్యాలి? ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే బియ్యం కడిగాను.

ఇంకో సంగతి కూడా నాకు మింగుడు పడలేదు. ఆయన పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా షిఫ్టుకు పోతాడు. క్యారేజీ నిండా మెత్తటి అన్నం, పెరుగు కట్టి ఇస్తాను. అది ఖాళీగా, శుభ్రంగా కడిగి తిరిగి వస్తుంది. అంత తింటే మనిషి ఎందుకు చిక్కుతున్నాడు? తినకపోతే క్యారేజీ ఎట్లా ఖాళీ అవుతుంది?

ఈలోగా కాలనీ తన అనుమానం తను పెంచుకుంది. మా గనుల్లో ఒక రివాజు ఉంది. దాన్ని చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కార్మికుడు పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, దాన్ని మేం అన్‌ఫిట్ అంటాం, ఆ ఇంట్లో పిల్లల్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. అందుకని మా దగ్గర ఎవరికి జబ్బు చేసినా అయ్యో అనడానికి ముందు ఇంకో ప్రశ్న వస్తుంది: కొడుకు డిగ్రీ అయిందా? మా వాడికి డిగ్రీ అయింది. కొత్తగూడెంలో సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తున్నానని చెప్పి పొద్దున్నే పోయి సాయంత్రం వస్తున్నాడు.

నల్లా దగ్గర పక్క క్వార్టర్ ఆమె ఒకరోజు మెల్లగా అడిగింది. "వదినే, అన్నకు బోర్డు ఎప్పుడు?"

"ఏం బోర్డు?"

"అదే, అన్‌ఫిట్‌ది. అన్న బాగనే బక్కగయిండు గద. మా ఆయనకు గూడ జెర ఆ మందు పేరు చెప్పరాదు."

బిందె అక్కడే వదిలి వచ్చేశాను. ఒళ్లు మండింది. కానీ ఇంటికి వచ్చాక ఆ మాట నా లోపల ఒక మూల కూర్చుంది. ఆయనకు అన్‌ఫిట్ అయితే మా వాడికి పర్మినెంటు ఉద్యోగం వస్తుంది. ఆయన ఇంటి పట్టున ఉండి మందులు సక్రమంగా వేసుకుంటాడు. రెండూ నాకు కావాలి. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇదే లెక్క ఆయన కూడా వేసుకుని ఉంటే? కొడుక్కు ఉద్యోగం రావాలని కావాలనే బెల్లం తిని, కావాలనే మందు మానేసి, తన ఒంటిని తనే పాడుచేసుకుంటూ ఉంటే? బోర్డు దాకా పోయేసరికి మనిషి మిగులుతాడా?

అప్పటి నుంచి నా కన్ను సారా మీది నుంచి గోళీల మీదకు మళ్లింది. డబ్బాలో గోళీలు తగ్గుతూనే ఉన్నాయి. రక్తం మాత్రం మళ్లీ మొదలైంది. వేసుకుంటే తగ్గాలి కదా. నా ముందర వేసుకోమంటే నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, పెరట్లోకి పోయేవాడు. ఉమ్మేసే మనిషిలా నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే నా తప్పు అని తర్వాత తెలిసింది.

మా ఇంట్లో గ్యాస్ ఉన్నా, స్నానాల నీళ్లకు ఇప్పటికీ బొగ్గుల పొయ్యే. పెరట్లో గోడ వారన బొగ్గు కుప్ప ఉంటుంది. చలి మొదలైన ఒక పొద్దున, పైబొగ్గు మంచుకు తడిసిందని రేకు చేటతో కుప్ప లోపల నుంచి పొడి బొగ్గు లాగాను. చేటలోకి నల్ల బొగ్గుతో పాటు తెల్ల గోళీలు రాలాయి. కొన్ని కరిగి గడ్డకట్టాయి, కొన్ని గుండ్రంగా అట్లాగే ఉన్నాయి. మా అమ్మ చెయ్యి మోచేతి దాకా బస్తాలో ఉన్నట్టు, నా చెయ్యి ఆ కుప్పలో ఉండిపోయింది.

ఆయన వేపపుల్లతో పళ్లు తోముకుంటూ వచ్చి నన్నూ, చేటనూ చూశాడు. పుల్ల నోట్లోంచి తీశాడు.

"సారా తాగినా ఊకుందునేమో" అన్నాను. "కొడుకు ఉద్యోగం కోసం ఇట్ల చస్తవా? నువ్వు చచ్చి ఇచ్చిన ఉద్యోగం వాడు ఎట్ల చేస్తడయ్యా?"

"ఉద్యోగం ఇచ్చేటందుకు కాదే" అన్నాడు. "ఇయ్యకుండ ఉండేటందుకు."

నాకు అర్థం కాలేదు. ఆయన బొగ్గు కుప్ప పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"వచ్చే నెల కంపెనీ చెకప్ ఉన్నది. ఈ గోళీ ఏసుకున్నప్పుడల్లా షుగర్ ఎక్కుతాంది. చెకప్‌ల షుగర్ ఎక్కువొస్తే కిందికి దింపరు, అన్‌ఫిట్ అంటరని మావోళ్లు చెప్తున్రు. అన్‌ఫిట్ అయితే నువ్వు ఊకుంటవా? నల్లా కాడ ఉన్నోళ్లు ఊకుంటరా? అందరు గలిసి వాణ్ణి గన్లకు దింపుతరు."

"దిగితే ఏమయింది? నువ్వు దిగలేదా, మామయ్య దిగలేదా?"

"వానికి చీకటంటే భయం" అన్నాడు. "కరెంటు పోతే నా లుంగి పట్టుకొని నిలబడేటోడు. పెద్దగయినంక గూడ లైటు ఏసుకొనే పంటడు. నీకు యాదికి లేదా? కింద లైటు ఆర్పితే ఎట్లుంటదో నీకు తెల్వదు. నీ చెయ్యి నీకు కనపడదు."

బెల్లం సంగతి కూడా అప్పుడే బయటికి వచ్చింది. కింద మరుగుదొడ్డి ఉండదు. తింటే కడుపు కదులుతుంది. అందుకని నా క్యారేజీ తోటివాళ్లకు పెట్టేసి, షిఫ్టు మొత్తం బెల్లం ముక్క, నీళ్ల మీద గడుపుతున్నాడు. బెల్లం కడుపును కదపదట. అంటే షుగర్ విషయంలో నా అనుమానం సగం నిజం. ఆ సగం నిజమైనందుకు నాకు ఏమాత్రం సంతోషం కలగలేదు. చేట పక్కన పెట్టి, బొగ్గు చేతులతోనే ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. కోపమో ప్రేమో నాకు తెలియలేదు. లోపలి గది తలుపు దగ్గర మా వాడు నిలబడి ఉన్నాడు. వాడు ఎంత విన్నాడో అడగలేదు.

ఆ పూటే బస్సెక్కి ఖమ్మం పోయాం. ఈసారి దాచడానికి ఏమీ లేదు కాబట్టి బస్సులో మాట్లాడుకున్నాం. డాక్టరమ్మ కోపంతో లేచి నిలబడింది. ఆ గోళీని ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలిపోయే ప్రమాదం ఉంటుందట. తరువాత కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"పేగులో మంట పేగుతో ఆగదమ్మా. అది రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతుంది. అందువల్ల ఇన్సులిన్ చెయ్యాల్సిన పని సరిగా చెయ్యలేదు, షుగర్ పెరుగుతుంది. పేగు నుంచి రక్తం ముందు కాలేయానికే పోతుంది కాబట్టి అక్కడ కూడా దెబ్బ తగులుతుంది, కొవ్వు పడుతుంది. దానికి తోడు ఈ గోళీ, ఆ బెల్లం, తిండి లేకపోవడం. ఏది ముందు, ఏది వెనక అనేది మాకే పూర్తిగా అంతుపట్టలేదు. కానీ ఇవన్నీ చుట్టాలే. ఒకరి ఇంట్లో పెళ్లయితే మిగతావాళ్లు పిలవకుండానే వస్తారు."

"అయితే తాగుడు కాదా మేడం?" అన్నాను. చివరిసారి అడగాలనిపించింది.

"అది నేను రక్తం చూసి ప్రమాణం చెయ్యలేను. ఆయన మాట నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం."

నేను ఆయన వైపు చూశాను. ఈసారి ఆయన క్యాలెండర్ చూడలేదు, నన్నే చూశాడు. నమ్మాను. పూర్తిగా కాదు గానీ, నాలాంటిదానికి ఎంత సాధ్యమో అంత నమ్మాను.

తెల్ల గోళీని మళ్లీ వేయించి, కొంచెం కొంచెంగా తగ్గించి, షుగర్‌ను అంతగా కదపని ఇంకో మందు మొదలుపెట్టారు. చెకప్‌లో ఉన్నదున్నట్టు చెప్పించాను, నేనే వెంట పోయి బయట బల్ల మీద కూర్చుని. ఆయన భయపడ్డట్టు అన్‌ఫిట్ అనలేదు. కొంతకాలం గని పైన చేసే పని ఇచ్చారు. ఇప్పుడు ల్యాంపు రూములో ఉంటున్నాడు. కిందికి దిగేవాళ్లకు తల లైట్లు అందిస్తాడు, పైకి వచ్చాక తీసుకుంటాడు. మరుగుదొడ్డి పక్కనే ఉంది. క్యారేజీ ఆయనే తింటున్నాడు. నడుము దగ్గర కుట్లు ఒకటొకటిగా విప్పుతున్నాను. నల్లా దగ్గర పక్క క్వార్టర్ ఆమె కొంచెం నిరాశపడింది.

ఆయన మొహంలో ఇంతటి నెమ్మది నేను మా పెళ్లయ్యాక చూడలేదు. "మనోడు దిగకుండనే మన ఇంట్ల బొగ్గు ఒడిసింది" అని, బొగ్గు పని తనతోనే తీరిపోయిందన్నట్టు రోజూ అంటాడు. మా వాడు ఆ మాట విని తల వంచుకుని అన్నం తింటాడు. నాయిన మాటకు కడుపు నిండిందేమో అనుకున్నాను. ఈమధ్య వాడు తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. పెళ్లీడు వచ్చింది కదా, తల్లికి ఇవ్వడానికి సిగ్గు కాబోలు అనుకున్నాను. అనుమానాల పుట్ట లాంటి నాకు, ఆ ఒక్కదాని మీద అనుమానం రాలేదు.

మొన్న వాడికి జ్వరం వచ్చి పడుకున్నాడు. నేనే వాడి బట్టలు తీశాను. చొక్కా మీది నుంచి దండెం వెంట ఎర్ర చీమలు బారు కట్టి ఉన్నాయి. జేబు తిప్పి చూడలేదు.

చొక్కా తీసుకుపోయి మంచం దగ్గర నిలబడ్డాను. "ఏందిరా ఇది?"

వాడు గోడ వైపు తిరిగాడు. "లారీల కాడమ్మా. బొగ్గు నింపుతరు గద, అక్కడ. కాంట్రాక్టు కింద. పైననే, కిందికి దిగుత లేను" అన్నాడు. "షాపు ఎప్పుడో బందయింది."

"బెల్లం ఎందుకు మరి?"

"దుమ్ము దిగాలె గదమ్మా" అన్నాడు, అచ్చం వాళ్ల నాయిన గొంతుతో. "నాయినకు చెప్పకు."

ఎదుటివాళ్లు దాచినవన్నీ తవ్వి బయటపెట్టే నేను, ఆ జేబు తిరగేసి, చీమలు దులిపి, మా ఆయన ల్యాంపు రూము నుంచి ఇంటికి వచ్చేలోపు ఆ చొక్కా ఉతికి ఆరేశాను.